పాచికకు ఇరవై ముఖాలట!

చూడు నాయనా, ఆ ఫోను కాసేపు పక్కన పెడితే నీకో ముక్క చెబుతాను. పెట్టవని తెలుసు. అయినా చెబుతాను. ఈ వయసులో వినేవాడి కోసం ఆగితే ఏ మాటా బయటికి రాదు.

మా రోజుల్లో ఆటకి కావలసింది ఒక బొగ్గుముక్క. అరుగు మీద గీతలు గీసేవాడొకడు, చింతపిక్కలు తెచ్చేవాడొకడు, మొండికేసేవాడొకడు. ఆ మూడోవాడు లేకపోతే ఆట రక్తి కట్టేది కాదు. ఇప్పుడు చూడు, మా మనవడు డాలస్ నుంచి ఒక పెట్టె మోసుకొచ్చాడు. అందులో మూడు పుస్తకాలు. ఒక్కొక్కటి మూడు వందల పేజీల పైమాటే, తలకింద పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది. ఏడు పాచికలు, దేనికీ దేనితోనూ పోలిక లేదు: ఒకటి నాలుగు ముఖాలది, ఒకటి ఎనిమిది, ఒకటి పన్నెండు, పెద్దది ఇరవై. పైగా మడత పెట్టే అట్టతెర ఒకటి. "ఏవిట్రా ఇదంతా, గ్రూప్ వన్ పరీక్షా?" అన్నాను. "ఆట తాతా. డంజన్స్ అండ్ డ్రాగన్స్" అన్నాడు.

వాడు వేసవికి వచ్చాడనుకునేవు, వాళ్ళ వేసవికి వచ్చాడు. అక్కడ బడులు మూసి, వీళ్ళు గన్నవరంలో విమానం దిగి ఇంటికి చేరేసరికి జూన్ సగమవుతుంది. బంగినపల్లి అయిపోయి ఉంటుంది, చిన్నరసాలూ పెద్దరసాలూ అడుగంటి ఉంటాయి, నూజివీడు వైపు తోటల్లో వేలాడేది తోతాపురి. దాన్ని తెచ్చి ముక్కలు కోసి ఉప్పూకారం చల్లి ఇస్తే "వావ్, మ్యాంగో" అంటాడు. రసం జుర్రి మోచేతుల దాకా కారనివ్వని వాడికి మామిడి సంగతేం తెలుసు చెప్పు. మాది ఉంగుటూరు. ఏలూరు దాటాక తాడేపల్లిగూడెం దారిలో ఉన్న ఉంగుటూరు కాదు, గన్నవరం పక్క ఉంగుటూరు. ఇది ప్రతివాడికీ రెండుసార్లు చెప్పాలి. 2022లో జిల్లాలు చీల్చి నూజివీడుని ఏలూరు జిల్లాలో కలిపారు, మమ్మల్ని కృష్ణాలో ఉంచారు. మా పొలాలొక జిల్లా, మేం తినే మామిడి ఇంకో జిల్లా. ఎక్కడున్నాను? ఆ, పాచికలు.

వాళ్ళ ఆట ఏమిటో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఒకడు అట్టతెర వెనక కూచుని కథ చెబుతాడు: మీరొక గుహ ముందు నిలబడ్డారు, లోపల్నుంచి పొగ వస్తోంది, ఏం చేస్తారు? మిగతావాళ్ళలో ఒకడు కత్తివీరుడు, ఒకడు మంత్రగాడు, నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే మా తమ్ముడి మనవరాలు దొంగ. వాళ్ళేం చేస్తారో వాళ్ళు చెబుతారు. అది జరుగుతుందో లేదో అనుమానమొస్తే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. నెలల తరబడి సాగుతుందట. గెలుపు లేని ఆటేవిట్రా అంటే "కథ ముఖ్యం తాతా" అంటాడు. కథ ముఖ్యమైతే హరికథకి వెళ్ళొచ్చుగా, ప్రసాదం కూడా పెడతారు.

ముందు ఆ పాచిక సంగతి తేల్చాలి. మా అష్టాచెమ్మాకి నాలుగు గవ్వలు చాలు. గవ్వలు లేని ఇంట్లో రెండు చింతపిక్కలు మధ్యకి పగలగొడితే, లోపలివైపు తెల్లగా నాలుగు బద్దలు. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడుకి మూడు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. అంటే నాలుగూ ఎనిమిదీ. ఇందులో కిటుకు చూశావా? రెండు మాటిమాటికీ పడుతుంది. ఒకటీ మూడూ తరచు పడతాయి. చెమ్మా అష్టా పడటం అరుదు. అందుకే అష్ట పడితే వీధి చివరికి వినపడేలా అరిచేవాళ్ళం, ఇంకో పందెం వేసుకునేవాళ్ళం. జీవితం కూడా అంతేగా, రోజూ జరిగేది రోజూ జరుగుతుంది, అబ్బురం ఎప్పుడో ఒకసారి. వీళ్ళ ఇరవై ముఖాల పాచికలో ఒకటి పడే వీలెంతో పది పడే వీలూ అంతే, ఇరవై పడే వీలూ అంతే. మావాడు గోడెక్కబోయే వీరుడికి పాచిక వేయించాడు. ఒకటి పడింది. వీరుడు జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఒకటి పడితే ఎంతటివాడికైనా తప్పదట. అంటే ఇరవైకోసారి పడి తీరతాడన్నమాట! మా ఊళ్ళో తాటిచెట్టెక్కేవాడు ఇరవైకోసారి పడితే పొద్దున కల్లు దించేదెవరు? వాడు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎన్ని చెట్లెక్కుతాడో ఆ పాచిక చేసినవాడికి తెలుసా?

మావాడు తల గోక్కుని, "పుస్తకంలో అలా లేదు తాతా. కొట్లాటలోనే ఒకటి పడితే దెబ్బ తప్పుతుంది. గోడెక్కేటప్పుడు కూడా పడిపోవాలన్నది మేం పెట్టుకున్నది" అన్నాడు. మూడు పుస్తకాలు మోసుకొచ్చి మళ్ళీ వీళ్ళు పెట్టుకోవడమేవిటి! అయినా ఆ మాటకి వాడి మీద కాస్త గౌరవం కలిగింది, బయటికి చెప్పలేదనుకో. మా రోజుల్లో అంతా పెట్టుకున్నదే. అష్టాచెమ్మాలో ఎదుటివాడి కాయని ఒకటైనా చంపితేగాని లోపలి గళ్ళలోకి పోకూడదని మా ఇంట్లో రూలు. మేనత్త వాళ్ళింట్లో ఆ రూలు లేదు. వరసగా మూడుసార్లు చెమ్మో అష్టో పడితే మూడూ మురిగిపోతాయని ఒక వీధిలో, పోవని ఇంకో వీధిలో. పెళ్ళిళ్ళకి చుట్టాలు చేరినప్పుడు ముందు ఆ పంచాయతీ తేలాలి, ఆ తరవాతే ఆట. ఒక్కోసారి పంచాయతీ తేలేసరికి భోజనాలకి పిలిచేవాళ్ళు. ఆట ఆడనే లేదని ఎవడూ బాధపడలేదు.

మావాడి ఆట పుట్టుక గురించి వాణ్ణే అడిగి తెలుసుకున్నాను. తిట్టాలంటే ముందు తెలియాలి కదా. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అని ఒక ఊరు. అక్కడ గ్యారీ గైగాక్స్ అని ఒకాయన, బీమా కంపెనీలో ఉద్యోగం పోయాక బూట్లు బాగుచేసుకుంటూ బతికినవాడు. మినెసోటాలో డేవ్ ఆర్నెసన్ అని ఇంకొకాయన. బల్ల మీద సైన్యం బొమ్మలు పెట్టి యుద్ధాలాడుకునే బాపతు ఇద్దరూ. ఆ సైన్యాలని పక్కనపెట్టి ఒక్కొక్కడు ఒక్కొక్క మనిషిని నడిపితే ఎలా ఉంటుందన్న ఊహ లోంచి ఈ ఆట వచ్చింది. 1974లో అచ్చువేశారు, తొలి విడత వెయ్యి పెట్టెలు. అప్పుడు పెట్టెలో ఉన్నవి మూడే మూడు చిన్న పుస్తకాలు, జేబులో పట్టేటంతవి. చూశావా! వాళ్ళ ఆట కూడా వాళ్ళ రోజుల్లోనే బాగుంది.

అక్కడా నాబోటి ముసలాళ్ళు ఉన్నారట. "ఇప్పటి ఆట ఆట కాదు, మా డెబ్బైల నాటిదే ఆట" అని మొండికేసి, పాత పుస్తకాలే మళ్ళీ అచ్చేయించుకుని ఆడతారట. వాళ్ళకొక పెద్ద వర్గమే ఉందని మావాడు నవ్వుతూ చెప్పాడు. నవ్వుతావేం రా, వాళ్ళ చిరునామా ఇవ్వు, ఉత్తరం రాస్తాను అన్నాను. ఆ పెద్దమనుషులు చెప్పేది విను: ఆ రోజుల్లో మనిషిని తయారుచేయాలంటే మూడు ఆరుముఖాల పాచికలు వేసేవాళ్ళు, బలం ఎంత పడితే అంత, తెలివి ఎంత పడితే అంత, వరసగా. బలం అయిదు పడి తెలివి పదహారు పడితే ఆ పిల్లవాణ్ణి మంత్రగాణ్ణి చేసుకుని సర్దుకుపోవాలి. పుట్టుక మన చేతిలో ఉందా? ఇప్పటి పిల్లలు పాయింట్లు పంచుకుని బలం ఇంత, అందం ఇంత అని కొనుక్కుంటున్నారు. పైగా ఆటకి ముందే వాడి తాతముత్తాతల కథ పేజీలకి పేజీలు రాసుకొస్తారు. మా తమ్ముడి మనవరాలి దొంగకి చిన్నప్పుడు తండ్రి చనిపోయాడట, పగ ఉందట, ఒక చెవికి పోగు ఎందుకు లేదో దానికీ ఒక కథ ఉందట. ఇంకా ఒక్క తాళమైనా తీసింది లేదు.

చావు మరీ అన్యాయం. తొలిరోజుల్లో కొత్త మంత్రగాడికి ప్రాణం ఎంతుండేదంటే తేలు కుట్టినా టపా కట్టేసేవాడు. ఆ గైగాక్స్ గారే 1978లో ఒక సమాధి సాహసం అచ్చువేశాడు, అందులో అడుగు తీసి అడుగేస్తే చావే. ఆడేవాళ్ళు గోడని ముట్టుకునే ముందు కర్రతో పొడిచి చూసేవారట. జాగ్రత్త ఎలా వస్తుంది మరి? ఇప్పుడు ప్రాణం సున్నాకి వచ్చినా చావడు. పడిపోతాడు. పడుకుని మళ్ళీ పాచికలు వేస్తాడు, మూడుసార్లు బాగా పడితే గండం గడిచినట్టు, మూడుసార్లు చెడితేనే పోయినట్టు. ఈలోగా పక్కవాడు మంత్రం వేస్తే లేచి కత్తి పట్టుకుంటాడు. పచ్చికాయకి కార్బైడు పెట్టి రెండురోజుల్లో పసుపు చేస్తారే, పైన రంగు, లోపల పులుపు, ఈ వీరులూ అంతే. వరిగడ్డిలో వేసి మాగనివ్వాలి, మధ్యలో నాలుగు కుళ్ళిపోవాలి.

మా పులిమేకలో మేక చస్తే చచ్చినట్టే. తోట కాపలాకి పంపితే మేం చేసే కాపలా ఇదే: నేల చదును చేసి త్రిభుజం గీసి, అడ్డగీతలు గీసి, ఇరవైమూడు చోట్ల గీతలు కలిసేలా. మూడు పులులకి మూడు గులకరాళ్ళు, పదిహేను మేకలకి పదిహేను చింతపిక్కలు. మేకల్ని ఒక్కొక్కటే దింపాలి, అన్నీ దిగేదాకా దిగినవి కదలకూడదు. పులి మేక మీంచి దూకితే మేక ఔట్. అన్ని పులుల్నీ కదలకుండా కట్టేస్తే మేకలది గెలుపు. మావాడికి నేర్పించబోతే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "ఇది బాలన్స్‌డ్‌గా లేదు తాతా." పులికీ మేకకీ బాలన్సేవిట్రా! వాళ్ళ పుస్తకంలో ఈ స్థాయి వీరులకి ఇన్ని రాక్షసుల్నే పంపాలని లెక్కలున్నాయట. మాకున్న లెక్క ఒకటే: ఓడినవాడు లేచి ఇటు తిరిగి కూచుని, పులులు తను పట్టి మళ్ళీ ఆడటం. హంపిలో గుళ్ళ మండపాల నేల మీద చెక్కిన ఆట గళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడు. రాతి మీద గళ్ళు చెక్కారుగాని పక్కన రూలు ఒక్కటి కూడా చెక్కలేదు. రూలు మనుషుల దగ్గరుండాలి. పుస్తకంలో ఉంటే దానికో యజమాని పుట్టుకొస్తాడు.

యజమాని అంటే గుర్తొచ్చింది. మావాడి ఆట పెట్టిన కంపెనీని 1997లో ఇంకో కంపెనీ కొన్నది, దాన్ని 1999లో హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ కొన్నది. 2023 మొదట్లో ఆ ఆట మీద సొంతంగా కథలు రాసుకుని అమ్ముకునేవాళ్ళ షరతులు మార్చబోతే, ఆడేవాళ్ళంతా తిరగబడ్డారట, కంపెనీ వెనక్కి తగ్గిందట. శభాష్. కానీ మా పులిమేకకి షరతులు మారుస్తామని ఎవడైనా వస్తే మా అరుగు మీద కూచోనిస్తామా? మన పచ్చీసుని తీసుకెళ్ళి, నాలుగు కొసలు కత్తిరించి, 1896లో ఇంగ్లండులో లూడో అని పేటెంటు పుచ్చుకున్నారు. మన ఆటని మనకే పెట్టెలో పెట్టి అమ్మారు, మనం కొన్నాం. 2020లో లాక్‌డౌన్ పెడితే ఊరు ఊరంతా అదే లూడో ఫోన్లో. సిగ్గుండాలి. మా బావమరిది బెంగళూరులో ఉండి నాలుగు కాయలూ పండించేసుకునేవాడు, ఫోన్లో కూడా దొంగాట ఎలా ఆడతాడో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

వేషం కట్టడం గురించి మాత్రం నన్ను కదపకు. అసలు మావాడి ఆటలో గొప్పంతా వేరే మనిషి అయిపోవడమట. అయిపోతున్నారా? "నా క్యారెక్టర్‌కి కోపం వచ్చింది" అంటాడు మావాడి స్నేహితుడు, వేరుశెనగలు నములుతూ. కోపం వస్తే రావాలిగా! మా చిన్నప్పుడు పగటివేషగాళ్ళు వచ్చేవారు. నాట్యానికి పేరుపడ్డ కూచిపూడి మన జిల్లాదే, ఆ కూచిపూడివాళ్ళు కూడా పగటివేషాలు కట్టినవాళ్ళే. వచ్చినవాళ్ళు ఊళ్ళో కొన్నాళ్ళు మకాం వేసి రోజుకో వేషం. ఒకనాడు అర్ధనారీశ్వరుడు: ఇటు తిరిగితే శివుడు, అటు తిరిగితే పార్వతి, ఒక్క మనిషే. ఇంకోనాడు పిట్టలదొర, కొయ్య తుపాకీ పట్టుకుని కోతలే కోతలు. ఒకడు పన్నులు వసూలు చేసే ఆఫీసరు వేషంలో మా పెరట్లోకి వచ్చి, గేదెలు లెక్కపెట్టి, చెట్టుకింత అని బకాయి చదివాడు. మా తాత వాడికి మజ్జిగిచ్చి, బల్ల వేసి, రెండు రోజులు గడువడిగాడు. ఆఖరిరోజు వాళ్ళంతా ఇంటింటికీ సంభావనకి వచ్చినప్పుడుగాని ఆయనకి తెలియలేదు. పాచిక వేశాడా వాడు? పుస్తకం చూశాడా? వాడికున్నది గొంతూ, గుండే.

ఇంకా ఘోరం విను. వాళ్ళ వీరుడు ఒక రాజు దగ్గరికి సంధికి వెళ్ళాడు. ఏం మాట్లాడతాడా అని నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. వాడు "నేను రాజుని ఒప్పిస్తాను" అని పాచిక వేశాడు. పద్నాలుగు పడింది. రాజు ఒప్పుకున్నాడు. అయిపోయింది! ఓరి మీ సంధి సంతకెళ్ళా! తిరుపతి వేంకట కవుల నాటకాలు ఆడే రోజుల్లో రాయబారం సీను కోసం బళ్ళు కట్టుకుని వచ్చేవారు జనం. కృష్ణుడు ఒక్కడు చాలక ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని మాట్లాడుకొచ్చేవారు కాంట్రాక్టర్లు, ఒకాయన గొంతు అలిసిపోతే ఇంకొకాయన. పద్యం మీద పద్యం, రాగం మీద రాగం, వన్స్ మోర్ మీద వన్స్ మోర్, తెల్లారిపోయేది. ఆ కృష్ణుడు సభలో నిలబడి పాచిక వేసి, "పద్నాలుగు పడింది దుర్యోధనా, అయిదూళ్ళిచ్చేయ్" అంటే హార్మోనియం వాయించేవాడు కూడా లేచి వెళ్ళిపోయేవాడు. అంత పాడినా దుర్యోధనుడు ఇవ్వలేదనుకో. అది వేరే సంగతి.

మావాడు ఊరుకోడుగా. "మరి మాట సరిగా రానివాడు ఎలా ఆడాలి తాతా? నత్తి ఉన్నవాడికి కూడా ఆటలో వాగుడుకాయ కావాలని ఉండదా?" అన్నాడు. ఆ ప్రశ్నకి నేను మజ్జిగ తాగాలని లేచాను. మా గుంపులో ఒకడుండేవాడు, మాట తడబడేది. వాడికెప్పుడూ మేకలే. నాటకాల ఆటలో ద్వారపాలకుడే. వాడికి పులి కావాలని ఉందా అని ఎవరూ అడగలేదు, అప్పట్లో అడిగే అలవాటు లేదు. ఇప్పుడు ఆట మొదలయ్యే ముందు అందరూ కూచుని ఎవరికేం కావాలి, ఎవరికేది గిట్టదు అని అడుగుతారట, అదొక రోజంతా. పెళ్ళిచూపుల్లోనే అంతసేపు అడగలేదు మమ్మల్ని.

దారి సంగతి కూడా చెప్పాలి. తెర వెనకవాడు ముందే కథ రాసుకుని, వీళ్ళు ఎటు పోయినా ఆ దారికే ఈడ్చుకొస్తే దాన్ని రైలుపట్టాలెక్కించడం అంటారట, పెద్ద తప్పట. ఎటైనా పోనివ్వాలట. ఎందుకురా తప్పు? రామాయణం ఎటు పోతుందో తెలియకనే వింటున్నామా? అయినా రైలు మీద నమ్మకం పెట్టుకున్నవాడు మా వైపుకి రావాలి. నూజివీడు స్టేషన్ అని బోర్డు చూసి దిగితే, అది ఉన్నది హనుమాన్ జంక్షన్ దగ్గర. అక్కణ్ణించి బస్సో ఆటోనో చూసుకోవాలి. పట్టాలున్నా మనిషి తిప్పలు మనిషివే.

1980లలో అమెరికాలో ఈ ఆట ఆడితే పిల్లలు దయ్యాల పాలవుతారని కొందరు పెద్దలు గగ్గోలు పెట్టారట. మన దగ్గర చూడు, వైకుంఠ ఏకాదశికి జాగారం చేయాలి, నిద్ర ఆగదు, వైకుంఠపాళి పరవండ్రా అని పెద్దలే పిలిచేవాళ్ళు. నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. పైవరసకి ఎగబాకి పరమపదం ఇంకో నాలుగు గళ్ళుందనగా పెద్దపాము నోట పడితే జర్రున అడుగుకి. అక్కణ్ణించి మళ్ళీ మొదలు. అరిచేవాళ్ళం, ఏడ్చేవాళ్ళం, దేవుడు మెళకువగా ఉన్నాడో లేదోగాని ఊళ్ళో ఒక్కడికి నిద్రలేదు. ఇంగ్లీషువాళ్ళు దాన్నీ పట్టుకుపోయి పాములూ నిచ్చెనలూ అన్నారు. 1943లో అమెరికావాళ్ళు పాముల్ని కూడా తీసేసి జారుడుబల్లలు పెట్టారు, పిల్లలు భయపడతారని. మొన్న రాత్రి మావాడి గుహలో డ్రాగన్ వచ్చినప్పుడు ఎవరూ భయపడలేదు, మరి ఆ పాము ఏం పాపం చేసింది?

ఇంతకీ వీళ్ళ గుంపులో ఒకడు తక్కువయ్యాడని నన్ను కూచోమన్నారు. నాకేం అక్కర్లేదన్నాను. అయినా నన్ను వదిలిపెట్టరని తెలిసి, పాత పద్ధతిలో మూడు పాచికలు వరసగా వేసి మనిషిని తయారుచేస్తేనే కూచుంటానన్నాను. బలం ఆరు పడింది, తెలివి తొమ్మిది. కొట్టిపారేయకుండా ఉంచుకున్నాను, సర్దుకుపోవడం మాకు కొత్త కాదు. తోట కాపలా ముసలాడు, ఆయుధం వడిసెల. గుహ బయట చెట్టు కొమ్మ మీద గాబ్లిన్ అట, మరుగుజ్జు రాక్షసుడు. వడిసెలతో కొడతానన్నాను. పాచిక వేయమన్నాడు. ఎందుకు వేయాలి? కోతుల్ని కొట్టి కొట్టి చేతికి పట్టుబడ్డ విద్య, కొమ్మ మీద కూచున్నవాణ్ణి కొట్టడానికి పాచికేవిటి? దూరం చాలా ఉంది, ఆకులు అడ్డం, గురికి నష్టం అని పుస్తకం తీశాడు. ఏ చెట్టురా అన్నాను. చెట్టు ఏదో పుస్తకంలో లేదట. మామిడైతే ఆకులు గుబురు, ఒప్పుకుంటాను. తాడిచెట్టైతే అడ్డమేముంటుంది, కొమ్మే ఉండదు! భోజనాలకి పిలిచినా లేవలేదు ఇద్దరం. ఆటలో మిగతావాళ్ళు తినేసి వచ్చి మళ్ళీ కూచున్నారు. చివరికి వాడు అమెరికాలో ఉన్న స్నేహితుణ్ణి, ఈ ఆటలో ఆరితేరినవాణ్ణి, ఫోన్లో అడిగి తేలుస్తానన్నాడు. అడగమన్నాను. వాడెప్పుడైనా మామిడితోట కాపలా కాశాడేమో ముందు అది కనుక్కోమన్నాను.